చెంచయ్య మోటారు

మైపాడు రేవులో పడవకు మోటారు తగిలించే ప్రతివాడికీ ఒక అలవాటుంది. తాడు లాగి ఇంజను అంటుకోగానే వాడి చూపు సముద్రం మీదికి పోదు, మోటారు వెనకాల ఉన్న చిన్న బెజ్జం మీదికి పోతుంది. అందులోంచి సన్నగా నీటిధార పడుతుంటే చాలు, ఇక బెంగలేదు. మోటారు అడుగున జల్లెడలాంటి రంధ్రాలుంటాయి. వాటిగుండా సముద్రపు నీళ్ళు లోపలికి పోతాయి. రబ్బరు రెక్కల చక్రం వాటిని పైకి తోస్తుంది. ఇంజను వేడినంతా మోసుకుని ఆ నీళ్ళే బెజ్జంలోంచి బయటపడతాయి. ధార ఆగిందంటే లోపల ఇంజను కాలిపోతున్నట్టే.

ఆ ఉదయం మధుబాబు తగిలించింది తన మోటారు కాదు. తనది ముక్కలు ముక్కలుగా విప్పి మెకానిక్ షెడ్డులో ఉంది. ఇది చెంచయ్యది. చెంచయ్య వానలకు ముందు వేటకు పోయి తిరిగి రాలేదు. పడవ ఒక్కటే వచ్చింది, మోటారుతో సహా. మనిషి లేకుండా వచ్చిన మోటారును ఏడాది తద్దినం అయ్యేదాకా ఉప్పునీళ్ళలో దించరు. ఎందుకని అడిగితే పెద్దవాళ్ళు మాట మార్చేస్తారు.

"ఏడాది కానీ నాయనా" అంది చెంచయ్య భార్య మాలకొండమ్మ.

"చేపపడే రోజులక్కా. ఇప్పుడు పోకపోతే ఇంకెప్పుడు?" అంటూ మధుబాబు ఆమె గుమ్మం వదల్లేదు. చివరికి ఆమె మోటారున్న కొట్టం తలుపు తీసి, మొహం అవతలికి తిప్పుకుని నిలబడింది.

వల దించి, తీసి, వెనక్కి మళ్ళేసరికి మంచు కమ్ముకుంది. తెల్లవారి చాలాసేపైనా సూర్యుడు లేడు. పడవ ముందు కూర్చున్న బావ చంద్రమౌళి మసగ్గా, చాకిరేవులో ఆరేసిన గుడ్డలా కనిపిస్తున్నాడు. ఎటు చూసినా తెలుపే. తడి వల వాసన, పెట్రోలు వాసన. వాటి మధ్య మరో వాసన... కాలుతున్న రంగు వాసన.

మధుబాబు వెనక్కి తిరిగి చూశాడు. ధార లేదు.

ఇంజను ఆపేశాడు.

"ఏందిరా మధూ?"

"నీళ్ళు పొయ్యడంలేదు బావా."

"ఎందుకు పోస్తుంది? మా చెల్లి పెట్టిన చద్దన్నం నీతోపాటు అదీ తినుంటుంది" అని నవ్వాడు చంద్రమౌళి. కానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. నీటి వాలు పడవను దక్షిణానికి లాగుతోంది. అటు కృష్ణపట్నం ఓడల దారి. ఈ మంచులో ఓడవాడికి వీళ్ళు కనపడరు. వీళ్ళకు ఓడ కనపడేసరికి తప్పుకునే వ్యవధి ఉండదు.

మధుబాబు మోటారును పైకెత్తి వంచాడు. జల్లెడకు ప్లాస్టిక్ సంచి ఏమైనా చుట్టుకుందేమో చూశాడు. ఏమీలేదు. బెజ్జంలో సన్నటి తీగ పెట్టి పొడిచాడు. ఉప్పు రాలింది, అంతే. ఇక మిగిలింది నోటితో ఊదడం.

"ఊదు, ఊదు. పెండ్లిలో నాదస్వరం ఊదినట్టు ఊదు" అన్నాడు చంద్రమౌళి.

బెజ్జానికి పెదవులు ఆనించి ఊదాడు. కదల్లేదు. మళ్ళీ ఊదాడు. లోపలెక్కడో గుడగుడమంది. ఊపిరి తీసుకుందామని తల ఎత్తబోయాడు...

ఎత్తకముందే లోపలినుంచి గాలి వచ్చింది.

వెచ్చగా. మెత్తగా. చుట్ట వాసనతో.

"బావా..."

"ఏంది?"

"ఇది... తిరిగి ఊదతాంది."

"ఆవిరిరా పిచ్చోడా. పక్కకు జరుగు." చంద్రమౌళి వచ్చి వంగి, బెజ్జానికి నోరు పెట్టి గట్టిగా ఊదాడు. ఆగాడు. అలాగే ఉండిపోయాడు. నెమ్మదిగా లేచి పెదవులు తుడుచుకున్నాడు. మళ్ళీ మళ్ళీ తుడుచుకున్నాడు.

"ఒకటి పొడుగ్గా... రెండు పొట్టిగా" అన్నాడు గుసగుసగా.

రేవులో ఎవరి మోటారు మూసుకుపోయినా చెంచయ్యే వచ్చి ఊదేవాడు. ఒకటి పొడుగ్గా, రెండు పొట్టిగా. చుట్టను చెవిమీద పెట్టుకుని, లావుపాటి ఒళ్ళు వంచి మరీ ఊదేవాడు.

అప్పుడు మోగింది ఓడ కూత. దూరంగా కాదు.

"దించు" అన్నాడు చంద్రమౌళి. "ఏదైతే అదైంది, దించి తాడు లాగు."

మధుబాబు మోటారును నీళ్ళలోకి దించాడు. తాడు పట్టుకున్నాడు. ఇంకా లాగలేదు... సొయ్‌మని చప్పుడైంది. బెజ్జంలోంచి ధార పడుతోంది. ఆగి ఉన్న ఇంజనులోంచి.

"నేనింకా లాగలా బావా..."

"లాగరా!"

ఒక్క లాగుకే అంటుకుంది. పడవను మళ్ళించే పిడిని తిప్పబోతే అది తిరగలేదు. ఎవరో గట్టిగా పట్టుకున్నట్టు బిగుసుకుని, తనకు తోచినవైపే వంగింది. ముందు కోపంతో లాగాడు, తర్వాత భయంతో వదిలేశాడు. పడవ విల్లులా తిరిగి దూకింది. కాసేపటికి, వాళ్ళు అంతకుముందు ఉన్నచోటనే, నల్లటి గోడలాంటిది మంచును చీల్చుకుంటూ పోయింది. దాని అల వచ్చి పడవను ఊయలలా ఊపేసింది.

మధుబాబు లేచి ముందుకు పోయి బావ పక్కన కూర్చున్నాడు. వెనక ఎవరూ లేరు. పడవ సూటిగా ఒడ్డుకు పోతోంది. వల, చేపలు, ఇద్దరు మనుషులు, అంత బరువూ ముందే ఉన్నా పడవ ముక్కు పైకి లేచే ఉంది.

ఇసుక రాసుకున్న చప్పుడు. ఇంజను దానంతటదే ఆగింది. ధార ఆగింది. మంచులోంచి ఊరి కోళ్ళ కూతలు వినిపించాయి. ఇద్దరూ ఒకేసారి దూకి, మోకాటిలోతు నీళ్ళలో నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి చూశారు.

పడవ వెనకభాగం ఇంకా నీళ్ళలో దిగబడే ఉంది.

"పోదాం పదరా" అన్నాడు చంద్రమౌళి. కాని కదల్లేదు.

అల లేదు. గాలి లేదు. పడవ మెల్లగా ఒకపక్కకు, ఒడ్డువైపుకు, ఒరిగింది... లావుపాటి మనిషి అంచుమీద కాలుపెట్టినప్పుడు ఒరిగినట్టు. ఒక్క క్షణం అలాగే ఆగింది.

ఆ తర్వాత తేలికై, పైకి లేచింది.