సుమిత్ర టీచర్ పాడిన స

ఇంటర్వెల్ గంట కొట్టినా చిట్కుల్ బడిలో ఐదో తరగతి పిల్లలు ఒక్కరూ బయటికి పోలేదు. ఆ వారం వాళ్ల క్లాసులో పెద్ద తమాషా నడుస్తోంది. టీచర్లే వచ్చి పాఠం నేర్చుకుంటున్నారు!

"టీచర్లకు గూడ బడి ఉంటదా మేడం?" అని కాషిఫ్ మొదటి రోజే అడిగాడు.

"ఉంటుంది. పిల్లలకు పాట ఎట్లా నేర్పాలో నేర్చుకునే బడి ఇది," అని నవ్వింది మహిత మేడం.

మహిత మేడం హైదరాబాద్ నుంచి వచ్చింది. చుట్టుపక్కల ఊళ్ల టీచర్లు ఆమె దగ్గర శిక్షణకు వచ్చారు. ఆమె వెంట హార్మోనియం లేదు, తబలా లేదు. "ముందు గొంతు. తర్వాతే వాయిద్యాలు. గొంతు అందరికీ ఉంటుంది, ఎవరూ కొనక్కర్లేదు," అనేది. పాడుతూ స్వరాలను చేత్తో చూపించేది. స అంటే చెయ్యి నడుము దగ్గర. రి అంటే గుండె దగ్గర. గ అంటే భుజం దాకా. టీచర్లు ఒక్కొక్కరే ముందుకొచ్చి, అట్లాగే చూపిస్తూ పిల్లల చేత పాడించాలి.

ఇదంతా ఆ క్లాసు అమ్మాయి అరీబాకు భలే నచ్చింది. స్వరాలు ఆమెకు ముందే తెలుసు మరి! మామూ కొనిచ్చిన చిన్న కీబోర్డు ఇంట్లో ఉంది. స ఏదో, గ ఏదో గుర్తు పెట్టుకుని రోజూ వాయిస్తుంది. ఆ స్వరాలు ఆమె చెవుల్లో గూడు కట్టుకున్నాయి. మహిత మేడం పాడే స అచ్చం కీబోర్డు స లాగే ఉండేది.

ఆ రోజు సుమిత్ర టీచర్ వంతు వచ్చింది. ఆమె లక్డారం బడిలో లెక్కలు చెప్తుంది. మనిషి పొడుగు, గొంతు కొంచెం బొంగురు. అక్కడ పాటలు నేర్పేవాళ్లెవరూ లేరని తనే ముందుకొచ్చింది. కొంగు నడుముకు చుట్టి, గొంతు సవరించుకుని, మహిత మేడం నేర్పిన పాటను స దగ్గర మొదలుపెట్టింది.

"చిన్న మబ్బూ చిన్న మబ్బూ
చెరువు మీద ఆగిపో..."

అరీబా ఉలిక్కిపడింది. ఇదేం స? ఇంత కింద ఉందేంటి! చెయ్యి పైకి లేచింది. నోరూ ఆగలేదు.

"టీచర్, మీరు తప్పు పాడుతున్నరు! స గట్ల ఉండదు. గిట్ల ఉంటది!" అని గొంతెత్తి పాడేసింది.

పిల్లలు గొల్లున నవ్వారు. కాషిఫ్ అయితే "చిన్న మబ్బూ" అని బొంగురుగా మూలిగాడు. నవ్వులు ఇంకా పెరిగాయి.

సుమిత్ర టీచర్ చెయ్యి నడుము దగ్గరే ఆగిపోయింది. "అవు బిడ్డా, నాకు పాట రాదు," అని మెల్లగా వెనక్కి పోయి కూర్చుంది.

మహిత మేడం చెయ్యెత్తగానే నవ్వులు ఆగాయి. "అరీబా, నీ చెవి మంచిదే. కానీ ఇంకొంచెం వినాలి," అంది. అరీబాకు మొదటి మాటే వినపడింది. మురిసిపోయింది.

సాయంత్రం అరీబా నల్లా దగ్గర సీసాలో నీళ్లు పట్టుకుంటుంటే, గోడ అవతల సుమిత్ర టీచర్ గొంతు వినిపించింది.

"రేపటి నుంచి నేను రాను మేడం. నాతోటి కాదు."

"మరి మీ బడికి ఇంకెవరున్నారు?"

"ఎవరు లేరు. ఏం జేస్తం, మా పిల్లలు పాటలు లేకుండనే సదువుకుంటరు."

అరీబా సీసా మూత బిగించింది. 'తప్పునే తప్పన్న కదా!' అని తనకు తానే సర్దిచెప్పుకుంటూ ఇంటికి నడిచింది.

ఇంట్లో అమ్మీ మిషన్ మీద బట్టలు కుడుతోంది. నాలుగేళ్ల తమ్ముడు వసీమ్ మంచం చుట్టూ బొమ్మ డీసీఎం లారీ నడుపుతున్నాడు. అరీబా వాణ్ణి పట్టుకొచ్చి ముందు కూర్చోబెట్టింది.

"నేను టీచర్‌ని. నువ్వు పాడు. చిన్న మబ్బూ..."

అక్క పాడగా రోజూ విన్న పాటే. వసీమ్ హుషారుగా పాడాడు.

"తప్పు! గిట్ల కాదు." అరీబా కీబోర్డు మీద నొక్కి చూపించింది. వసీమ్ మళ్లీ పాడాడు. "మళ్ల తప్పు!"

వసీమ్ రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. "నేను పాడ, పో!" అని డీసీఎంతో సహా మంచం కింద దూరాడు.

అమ్మీ మిషన్ ఆపింది. "ఏందే అరీబా? వాడు బాత్‌రూంల గూడ పాడుకుంట ఉండేటోడు. ఇయ్యాల నోరెందుకు మూసుకున్నడు?"

"తప్పు పాడుతుండు అమ్మీ."

"ఏం తప్పు?"

అరీబా చూపిద్దామని కీబోర్డు ముందుకు లాక్కుంది. అంతలో మంచం కింద "బుర్ర్" మని డీసీఎం కదిలింది. ఎవరూ చూడట్లేదనుకున్నాడేమో, వసీమ్ సన్నగా కూనిరాగం ఎత్తుకున్నాడు.

అరీబా ఈసారి మంచం వైపు చెవి పెట్టింది. విన్నది. ఆ స్వరం కోసం కీబోర్డు మీద వేలు జరిపింది. తన స కాదు. దాని పక్కదీ కాదు. ఇంకా కిందికి, ఇంకొంచెం... ఆఁ, దొరికింది! అక్కడి నుంచి పాట మొత్తం వాయించి చూసింది. ఎక్కాల్సిన చోట ఎక్కింది, దిగాల్సిన చోట దిగింది. ఎక్కడా తప్పలేదు.

"అమ్మీ! వీడు సక్కగనే పాడుతుండు! జెర కిందికెల్లి మొదలుపెట్టిండు, గంతే!"

"మరి గా మాట వానికి చెప్పు," అంది అమ్మీ.

అరీబా నేల మీద బోర్లా పడుకుని, మంచం కిందికి చూస్తూ, వసీమ్ స్వరంలోనే పాట అందుకుంది. వాడి కళ్లు మెరిశాయి. ఇద్దరూ కలిసి మూడుసార్లు పాడారు.

రాత్రి అన్నం దగ్గర కూర్చుంటే, నడుము దగ్గర ఆగిపోయిన సుమిత్ర టీచర్ చెయ్యే కళ్లముందు ఉంది. 'టీచర్ గూడ సక్కగనే పాడింది. నేనే ఇనలే.'

పొద్దున అందరికంటే ముందే బడి గేటు దగ్గర నిలబడింది. పనివాళ్లతో కంపెనీ బస్సులు పోయాయి. ఆటోలు ఒక్కొక్కటే వచ్చి ఆగాయి. ఏ ఆటోలోనూ సుమిత్ర టీచర్ లేదు. గంట కొట్టే వేళకు చివరి ఆటోలోంచి ఆమె దిగింది.

అరీబా పరుగెత్తింది. "టీచర్, నిన్న తప్పు నాది! మీరు కిందికెల్లి మొదలుపెట్టిండ్రు. పాట మంచిగనే ఉండె. నేను ఇనకుండనే నవ్వులపాలు చేసిన."

సుమిత్ర టీచర్ ఆమె తల నిమిరింది. "మేడం ఇచ్చిన పాటల కాయితాలు ఇచ్చి పోదామనే వచ్చిన బిడ్డా. నాది మొద్దు గొంతు."

"ఒక్కసారి పాడుండ్రి టీచర్. మేం మీ గొంతు ఎంట పాడుతం."

సుమిత్ర టీచర్ ఏమనుకుందో ఏమో, చెప్పులు విడిచి క్లాసులోకి నడిచింది. అరీబా ముందే లోపలికి పోయి కాషిఫ్ చెవిలో, "ఇయ్యాల నవ్వొద్దు. టీచర్ తప్పు పాడలే," అని చెప్పింది. వాడు తల దించుకున్నాడు.

సుమిత్ర టీచర్ చెయ్యి నడుము దగ్గర పెట్టింది. మెల్లగా పాడింది. "సా..."

ఆ స చాలా కింద ఉంది. అరీబా కళ్లు మూసుకుని, ఆ స్వరం తన చెవిలో కుదురుకునే దాకా ఆగింది. అప్పుడు సన్నగా, టీచర్ గొంతు పక్కనే తన గొంతు కలిపింది. వెనకే ఒకరు, ఇంకొకరు, తర్వాత క్లాసంతా కలిసింది.

వాళ్లందరిలో ఖంగుమని మోగిందెవరో తెలుసా? కాషిఫ్! మహిత మేడం పాడినప్పుడు అంత ఎత్తు అందక వాడు ఉత్తిగా పెదవులు ఆడించేవాడు. ఇప్పుడు గొంతు నిండుగా పాడుతున్నాడు.

"టీచర్, గీ స నాకు అందుతుంది!" అని ఎగిరి గంతేశాడు.

సుమిత్ర టీచర్ ముఖం విచ్చుకుంది. వెనక కూర్చున్న మహిత మేడం వైపు తిరిగి, "మా లక్డారంల గూడ గిసొంటి పోరగాండ్లు మస్తు మంది ఉన్నరు మేడం," అంది. మళ్లీ పిల్లల వైపు తిరిగి, చెయ్యి గుండె దగ్గరికి ఎత్తింది. "ఇగ రి చూద్దాం. అందరు రెడీనా?"

అరీబాకు రి తెలుసు. అయినా పెదవులు బిగపట్టి, టీచర్ ఎక్కడ పాడుతుందో విందామని చెవులు రిక్కించింది.