కుదురుగా నిలబడు, కొలత తీయాలి

"సిస్టర్, ఈవిడ చెయ్యి గట్టిగా పట్టుకోండి. నాకింకా పది బెడ్లున్నాయి."

వరసగా రెండు డ్యూటీలు చేసిన నర్సుకి ఒళ్ళు మండిపోయింది. అసలే కాళ్ళు పీకుతున్నాయి, పైగా రక్తం తీయడానికొచ్చిన ఈయనగారి ఆర్డర్లు.

"వెనకనుంచి వచ్చి, పేరైనా చెప్పకుండా రబ్బరు పట్టీ బిగిస్తే నేనైనా కొడతాను!"

టెక్నీషియన్ చెంప తడుముకున్నాడు. కొట్టింది ఏడో నంబరు మంచం మీది పెద్దావిడ. తుంటి ఆపరేషన్ అయిన మర్నాటి నుంచి ఆవిడకి తనెక్కడుందో తెలియడం లేదు. రెండుసార్లు సెలైన్ పీకేసింది. ఇంకోసారి పీకితే చేతులు మంచానికి కట్టెయ్యమని డాక్టరు చెప్పి వెళ్ళాడు.

అలా కట్టేసిన చేతుల్ని నర్సు ఇదివరకు చూసింది. ఆ రోగులు ఇంకా భయపడతారు, ఇంకా పెనుగులాడతారు, చివరికి మాట్లాడ్డమే మానేస్తారు. మళ్ళీ అది చూసే ఓపిక ఆమెకి లేదు.

అంతలో పెద్దావిడ సెలైన్ గొట్టాన్ని నోటి దగ్గరకు తెచ్చుకుంది.

"అదిగో, పీకేస్తోంది!"

"అరవకండి. పీకడం లేదు, కొరుకుతోంది."

నిజమే. దుప్పటి అంచు మడిచి, వేళ్ళతో నొక్కి, కుట్టు ముగిసినట్టుగా గొట్టాన్ని దారంలా కొరకబోతోంది. నర్సు పక్కన కూర్చుని మెల్లగా గొట్టం తప్పించింది.

"అమ్మా, మీరు బట్టలు కుట్టేవారా?"

"కుట్టేదాన్నేంటి, కుడుతున్నా! పొద్దున్నుంచి ఒక్కళ్ళూ కుదురుగా నిలబడరే. కొలతలెలా తీసేది?"

నర్సు జేబులోంచి రోగుల పొట్ట కొలిచే టేపు తీసి ఆవిడ చేతిలో పెట్టింది. టెక్నీషియన్ వైపు చూసింది.

"నేనా? పది బెడ్లండీ..."

"నిలబడండి."

వంగి నిలబడ్డాడు. పెద్దావిడ శ్రద్ధగా భుజం కొలిచింది, చెయ్యి కొలిచింది.

"రాసుకోవే అమ్మాయ్. మరీ బక్కగా ఉన్నాడు, కాస్త తిండి పెట్టు."

"నాకేం సంబంధమమ్మా?" అంది నర్సు, చెవులు ఎర్రబడుతుండగా.

"అమ్మా, సూది కొంచెం గుచ్చుకుంటుంది," అన్నాడతను.

"నలభై ఏళ్ళుగా గుచ్చుకుంటూనే ఉంది. కానియ్!" అని ఆవిడే చెయ్యి చాపింది.

తర్వాత ఐదు రోజులూ అతను ముందు ఏడో మంచం దగ్గరికే వచ్చాడు. చేతులు కట్టే మాట డాక్టరు మళ్ళీ ఎత్తలేదు. ఆరో రోజుకి పెద్దావిడ మనసు తేటపడింది. నర్సు సంబరంగా పరిగెత్తింది.

"నువ్వెవరమ్మా? కొత్తగా వచ్చావా?" అందావిడ.

నర్సు నవ్వి, దిండు సర్ది, బయటికొచ్చి మెట్ల మీద కూలబడింది. ఎప్పుడూ ఇంతే. కోలుకున్నవాళ్ళకి ఆమె గుర్తుండదు. కోలుకోవడమే కావాలి, ఆ సంగతి తెలుసు. అయినా కళ్ళు నిండాయి.

కింది మెట్టు మీద ఎవరో కూర్చున్నారు.

"ఏమండీ," అన్నాడు టెక్నీషియన్. సిస్టర్ అనలేదు.

"మీకు బెడ్లు లేవా?"

"ఉన్నాయి, ఉండనీండి. ఆవిడకి గుర్తులేదు, నాకుంది. మొన్న మీరు భోజనం మానేసి ఆవిడ చెయ్యి పట్టుకుని రెండు గంటలు కూర్చున్నారు. నిన్న ఆవిడ నీళ్ళు మొహాన కొడితే నవ్వేసి, లోపలికెళ్ళి ఏడ్చారు. ఇవన్నీ గుర్తుంచుకోడానికి ఒక మనిషుండాలి కదండీ. ఆ మనిషిని నేనైతే మీకేమైనా అభ్యంతరమా?"

ఆమె గోడకి తల ఆనించింది.

"లేదు. కానీ నిద్రతో చచ్చిపోతున్నాను. లేచాక గుర్తులేదంటే?"

"మళ్ళీ చెప్తాను. రోజూ చెప్తాను."

ఆమె నవ్వుతూనే నిద్రలోకి జారిపోయింది. లోపల ఎవరో అతన్ని కేకేస్తున్నారు. అతను మాత్రం ఆమె లేచేదాకా కదల్లేదు.