బోంగ్‌చీ పురుగుకి మొగుడు

"మీ పురుగుకి పెళ్లయిపోయిందండీ," అన్నాడు హాన్‌షెంగ్, మైకు అందుకుని.

తైవాన్‌లోని తైచుంగ్ నగరంలో పురుగుల శాస్త్రజ్ఞుల సమావేశం అది. వేదిక మీద రూయీ నిలబడి ఉంది. ఆమె వెనక తెర మీద ఆమె కనిపెట్టి పేరు పెట్టిన కొత్త జాతి పురుగు ఉంది. దానికి రెక్కల్లేవు. నల్లగా, లావుగా, కాస్త ఎక్కువ కాలిన చిలగడదుంపలా ఉంది.

"ఏమన్నారు?"

"అది ఆడది. నేను పేరు పెట్టిన రెక్కల పురుగు దాని మొగుడు. రెండూ ఆ అలీషాన్ కొండ మీదే దొరికాయి. నాకు ఒక్క ఆడదీ దొరకలేదు, మీకు ఒక్క మగదీ దొరకలేదు. మీకు అనుమానం రాలేదా?"

"ఒకే బస్సెక్కినవాళ్లంతా మొగుడూ పెళ్లాలేనా అండీ?"

హాలంతా గొల్లున నవ్వింది. హాన్‌షెంగ్ నవ్వుతూ కూర్చున్నాడు. రూయీకి ఒళ్లు మండిపోయింది.

మండదా మరి? ఒక జీవికి ఒక్క పేరే చెల్లుతుంది. మామూలుగా ఎవరు ముందు అచ్చేస్తే వాళ్లదే నిలుస్తుంది. వీళ్లిద్దరి వ్యాసాలూ ఖర్మకొద్దీ ఒకే పత్రికలో, ఒకే సంచికలో వచ్చాయి. అలాంటప్పుడు 'ఇవి రెండూ ఒకటే, ఈ పేరు ఉంచుతున్నాం' అని ఎవరు ముందు అచ్చేస్తే వాళ్ల మాటే చెల్లుబాటు. రెండో పేరు మునిగిపోతుంది.

రూయీ పెట్టింది వాళ్ల నానమ్మ పేరు, బోంగ్‌చీ. మళ్లీ ఆడపిల్లే పుట్టిందని విసుగొచ్చి తండ్రి పెట్టిన పేరది. 'సర్లే, సాకుదాం' అని దానర్థం. ఆసుపత్రిలో ఆ పేరు గట్టిగా పిలిస్తే ఆవిడ లేవడానికి సిగ్గుపడేది. చియాయి ఊరి బజారులో టర్కీ కోడి మాంసం వేసిన అన్నం అమ్మి రూయీని పెంచింది. పురుగుకి తన పేరొచ్చిన రోజున దాని ఫోటోకి ఫ్రేము కట్టించి కొట్లో వేలాడదీసింది. అన్నానికి వచ్చిన ప్రతివాడికీ "ఇది నేనే" అని చూపిస్తోంది. ఆ ఫోటో దించమని ఏ మొహంతో చెప్పాలి?

హాన్‌షెంగ్ బాధ వేరు. తన పురుగుకి ప్రియురాలు వాన్‌చిన్ పేరు పెట్టాడు. వ్యాసం అచ్చయి వచ్చేలోపు వాన్‌చిన్ ఒక పళ్ల డాక్టర్ని పెళ్లి చేసుకుంది. పెట్టిన పేరు వెనక్కి తీసుకోవడానికి రూల్సు ఒప్పుకోవు. తను పనిచేసే మ్యూజియంలో ఆ పురుగు పెట్టె తెరిచినప్పుడల్లా, చీటీ రాసినప్పుడల్లా, వాన్‌చిన్, వాన్‌చిన్! తను పెట్టిన పేరే మునిగిపోవాలని మొక్కుకుంటున్న శాస్త్రజ్ఞుడు తైవాన్ మొత్తానికి అతనొక్కడే. సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు.

మర్నాడే రూయీ మ్యూజియానికి వచ్చి పడింది.

"నిజం చెప్పండి. మా నానమ్మ పేరు మింగేయడానికేగా ఇదంతా?"

"ముందు అవి ఒకటో కాదో తేలనివ్వండి. డీఎన్ఏ పరీక్ష చేద్దాం. మీ పురుగు కాలు ఒకటి విరిచి ఇవ్వండి."

"మా నానమ్మ కాలు విరుస్తారా? చంపేస్తాను!"

"అయితే కొండెక్కి కళ్లతోనే చూద్దాం."

"ఏం చూస్తాం?"

"అవి కాపురం చేస్తుంటే."

"ఛీ!"

"మన ఉద్యోగమే అదండీ."

వారమంతా అలీషాన్‌లో వాన. కుళ్లిన దేవదారు దుంగ ముందు ఇద్దరూ ఒకే గొడుగు కింద గొంతుక్కూర్చున్నారు. దుంగ మీద ఆడపురుగు కదలదు, మెదలదు. హాన్‌షెంగ్ ఎడమ భుజం తడుస్తోందని రూయీ కనిపెట్టింది. గొడుగు అటు జరిపింది. అతను ఇటు జరిపాడు.

"ముక్కు చీదకు, అది బెదురుతుంది," అంది రూయీ. 'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరూ గమనించలేదు.

చివరికి ఒక మధ్యాహ్నం మబ్బు విడి ఎండొచ్చింది. ఎక్కడినుంచో రెక్కల పురుగొకటి ఎగిరొచ్చి, అటూ ఇటూ తచ్చాడి, నానమ్మ వీపెక్కింది. సందేహమే లేదు.

రూయీ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఫోటో తియ్యి. చూశాక కాదని అబద్ధం రాయలేను. నీ పేరే ఉంచుకో. కొట్లో ఫోటో నేనే దించుతాను."

హాన్‌షెంగ్ ఫోను తీసి చూపించాడు. వ్యాసం సగం రాసే ఉంది. నిలిచే పేరు దగ్గర బోంగ్‌చీ అని ఉంది.

"నా మీద జాలా?"

"కాదు, స్వార్థం," అని వాన్‌చిన్ సంగతంతా చెప్పేశాడు, పళ్ల డాక్టరుతో సహా.

రూయీ బురదలో కూలబడి పగలబడి నవ్వింది.

"ష్! కొత్త దంపతులు!"

"పిచ్చోడా, మునిగినా పేరు చెరిగిపోదుగా! మా నానమ్మ పేరు కింద చిన్న అక్షరాల్లో నీ వాన్‌చిన్ ఎప్పటికీ ఉంటుంది."

"చిన్న అక్షరాలైతే పర్లేదు. రూయీ, నువ్వంటే నాకిష్టం. బస్సు మాట అన్నావు చూడు, ఆరోజు నుంచీ."

రూయీ ఎర్రబడి, "మా నానమ్మని అడుగు," అంది.

వ్యాసం అచ్చయ్యాక ఇద్దరూ దాన్ని చియాయి కొట్టుకి పట్టుకెళ్లారు. నానమ్మ గరిటె పక్కన పెట్టి అంతా విన్నది.

"అయితే ఆ మగ పురుగు పేరు పోయి, వాడికి నా పేరొచ్చిందా?"

"అవును నానమ్మా. ఇక ఆ జాతి మొత్తానికీ నీ పేరే."

"అంటే మొగుడు ఇల్లరికం వచ్చాడన్నమాట!" ఫోటో కేసి చూసి ఆవిడ కళ్లు తుడుచుకుంది. తర్వాత హాన్‌షెంగ్‌ని పైనుంచి కిందకి చూసింది. "మరి ఈ రెక్కలోడి సంగతేంటి?"

రూయీ తల వంచుకుంది. హాన్‌షెంగ్ చెవులు ఎర్రబడ్డాయి.

నానమ్మ అతని గిన్నెలో ఇంకో గరిటెడు టర్కీ మాంసం వేసింది.

"సర్లే," అంది, "సాకుదాం."