వరలక్ష్మికి డబ్ల్యూ రాలేదు

శ్యామసుందర్ ఊదిన గాలికి ముందు బెంచీలో కూర్చున్న అమ్మాయి జడలో మల్లెలు ఒకసారి కదిలాయి. రెండోసారి ఊదేసరికి ఒక పువ్వు రాలి ఆమె భుజం మీద పడింది. మూడోసారికి ఆ అమ్మాయే వెనక్కి తిరిగింది.

"ఏటండీ, ఇంగ్లీషు నేర్సుకుంటన్నారా, పొయ్యి ఊదుతన్నారా?"

క్లాసంతా గొల్లుమంది. శ్యామసుందర్ చెవులు ఎండుమిరపకాయల రంగుకు తిరిగాయి. నిజానికి తప్పు అతనిది కాదు. డబ్ల్యూది.

బరంపురం బడాబజార్లో ఒక మేడ మీద జగ్గారావు గారు కొత్తగా పెట్టిన ఇన్‌స్టిట్యూట్ అది. అమెరికా వాళ్లు చేసే ఫోన్లు మన దేశంలో ఎత్తుతారట, ఎత్తినందుకు జీతమిస్తారట అన్న కబురు అప్పుడప్పుడే ఊళ్లోకి వచ్చింది. జగ్గారావు గారు గుర్గావ్‌లో రెండేళ్లు అలాంటి ఫోన్లే ఎత్తి వచ్చారు. అక్కడ ఆయన పేరు జాక్. ఇక్కడ జాక్ సార్. ఆయన వాటర్ అనరు, వాడర్ అంటారు. ట్వంటీ అనరు, ట్వెనీ అంటారు. కింద కొట్లో కిళ్లీ అడిగేటప్పుడు మాత్రం అచ్చం మనలాగే అడుగుతారు.

మనకు వి అన్నా, డబ్ల్యూ అన్నా ఒకటే 'వ' అనీ, అమెరికా వాడికి అవి రెండూ వేరనీ ఆయన ఆ రోజు చెప్పారు. వి అనాలంటే కింది పెదవికి పళ్లు తగలాలి. డబ్ల్యూ అనాలంటే పెదవులు సున్నాలా చుట్టి గాలి వదలాలి. శ్యామసుందర్ చెప్పిన మాట వినే రకం. వదిలాడు.

రేపటినుంచి అందరూ ఒక చిన్న అద్దం తెచ్చుకోవాలనీ, మాట్లాడేటప్పుడు ఎవరి పెదవులు వాళ్లు చూసుకోవాలనీ కూడా జాక్ సార్ ఆజ్ఞ వేశారు. తర్వాత అందరికీ అమెరికా పేర్లు పెట్టారు. ముందు బెంచీలోని వరలక్ష్మి వెరోనికా అయింది. శ్యామసుందర్ శామ్ అయ్యాడు. పుట్టినప్పటినుంచీ ఇంట్లో అమ్మ అతన్ని శామూ అనే పిలుస్తోంది, ఈమాత్రానికి ఫీజు ఎందుకు కట్టానా అని అతనికి కాస్త బాధ కలిగింది.

అద్దం కొనుక్కోవడానికి ఇంకా సిగ్గేసింది. మగపిల్లాడు జేబులో అద్దం పెట్టుకు తిరగడమేమిటి? ఇంట్లో గడ్డం గీసుకునే అద్దం గోడకు మేకులతో బిగించి ఉంది. వాళ్ల దుకాణంలోనూ ఒక అద్దం ఉంది. అది చింతపండు, బెల్లం, ఎండుమిర్చి అమ్మే టోకు దుకాణం. వీధి వైపు తిరిగి గద్దె మీద కూర్చునే నాన్నగారికి ఎదురుగా, స్తంభానికి కొంచెం వంచి కట్టిన పాత అద్దం. దాన్ని ముట్టుకునే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు. చివరికి ఫాన్సీ షాపులో, చెల్లెలికి అని చెప్పి ఒకటి కొన్నాడు. అతనికి చెల్లెలు లేదు.

మర్నాడు వరలక్ష్మి ఎర్ర ప్లాస్టిక్ చట్రం ఉన్న గుండ్రటి అద్దం తెచ్చింది. దాన్ని పుస్తకాలకు ఆనించి బల్ల మీద నిలబెట్టింది. అందరూ "వుయ్ వర్ వెయిటింగ్ ఫర్ వార్మ్ వాడర్" అని మొదలుపెట్టారు. శ్యామసుందర్ తల ఎత్తాడు. ముందున్న ఎర్ర అద్దంలో రెండు కళ్లు ఉన్నాయి.

అవి నవ్వుతున్నాయి.

అతను వెంటనే తల దించుకుని తన పెదవుల్ని వెతుక్కున్నాడు. మళ్లీ ఎత్తాడు. కళ్లు ఇంకా అక్కడే ఉన్నాయి. వాటి మధ్య మెరూన్ రంగు బొట్టు.

ఈ అమ్మాయి నన్ను చూసి నవ్వుతోంది అనుకున్నాడు. ఆ అనుకోవడం సాయంత్రం దాకా కూడా నిలవలేదు. ఎందుకంటే ఆ సాయంత్రమే జాక్ సార్ ఇంకో పాఠం చెప్పారు. ఫోన్లో నవ్వు కనబడదు, కానీ వినబడుతుందట. అందుకని ప్రతివాళ్లూ అద్దంలో చూస్తూ, పళ్లు కనబడేలా నవ్వుతూ "థాంక్యూ ఫర్ కాలింగ్" అనాలట. ఇక చూడండి, క్లాసులో ఎవరి అద్దంతో వాళ్లు నవ్వడమే. ఛత్రపూర్ నుంచి రోజూ బస్సులో వచ్చే కొండలు కూడా ముప్ఫై రెండు పళ్లూ బయటపెట్టి నవ్వుతున్నాడు. మరి కొండలు ఎవరిని చూసి నవ్వుతున్నట్టు?

శ్యామసుందర్‌కి ఏమీ పాలుపోలేదు. ఆకుపచ్చ చొక్కా వేసుకున్న రోజు ఆ కళ్లు కాస్త ఎక్కువ నవ్వాయి. అది చొక్కా మహిమా, పాఠం మహిమా? అతను ఆలస్యంగా వచ్చిన రోజు ఎర్ర అద్దం బల్ల మీద బోర్లా పడి ఉంది. అతను కూర్చోగానే లేచి నిలబడింది. అది కాకతాళీయమా? ఒకరోజు ధైర్యం చేసి తనూ నవ్వాడు. ఆ కళ్లు ఠక్కున మూసుకుపోయాయి. అది కోపమా, సిగ్గా, కంట్లో నలుసా?

వేరే అమ్మాయైతే అడిగేసేవాడు. వరలక్ష్మి ధర్మలింగం గారి అమ్మాయి. ఇన్‌స్టిట్యూట్‌కు సరిగ్గా ఎదురుగా ఉన్న అప్పడాల కొట్టు ఆయనదే. ఆయనకూ శ్యామసుందర్ నాన్న వెంకటరమణమూర్తి గారికీ ఒకే టీని రెండు గ్లాసుల్లో పోసుకుని తాగే స్నేహం. తను పొరపాటు పడి ఏదైనా వాగితే ఆ అమ్మాయి నలుగురిలో తల దించుకోవాలి. రెండో గ్లాసు రేపటినుంచి ఖాళీగా ఉండాలి. అడగకపోతేనో, కోర్సు అయిపోతుంది. భువనేశ్వర్ నుంచి కంపెనీ వాళ్లు వచ్చే శనివారం ఇంటర్వ్యూ పెడతారట. నెగ్గినవాళ్లు మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోతారు.

ఒక సాయంత్రం వాన పట్టుకుంది. గోపాల్‌పూర్ సముద్రం మీంచి ఏ కబురూ పెట్టకుండా వచ్చే రకం వాన. మెట్ల మీద వరలక్ష్మి ఒక్కతే గొడుగు విప్పుతూ నిలబడింది. చినుకులు మెట్టు మెట్టుకూ దూకి ఆమె పాదాల దగ్గర ఆగి ముచ్చట్లాడుకుంటున్నాయి. శ్యామసుందర్‌కి ఆ వాన చూసి ధైర్యం వచ్చింది. వాన హోరులో వినబడదేమోనని గట్టిగానే అడిగాడు.

"మీరు అద్దంలో నవ్వుతున్నారు గదా. ఎవరికోసం?"

వరలక్ష్మి వీధి వైపు చూసింది. అతని వైపు చూడలేదు.

"కస్టమర్ కోసం," అంది. గొడుగు విప్పుకుని వానలోకి దిగిపోయింది.

శ్యామసుందర్ గొడుగు లేకుండానే ఇంటికి నడిచాడు. అమ్మ తల తుడుస్తూ ఎందుకు తడిశావని అడిగితే, థాంక్యూ ఫర్ కాలింగ్ అన్నాడు. ఆవిడ జ్వరమేమోనని నుదురు పట్టి చూసింది.

మర్నాడు అతను బెంచీ మారాడు. కొండలు పక్కన, కిటికీ దగ్గర కూర్చున్నాడు. ఎర్ర అద్దంలో ఇప్పుడు సీలింగు ఫ్యాను రెక్క ఒకటి తప్ప ఏమీ కనబడలేదు. మంచిదే అనుకున్నాడు. మనసు పెట్టి డబ్ల్యూ మీద పడ్డాడు. ఆ మరుసటి రోజు చూస్తే అద్దం బల్లకు ఈ చివరినుంచి ఆ చివరికి మారి ఉంది. అందులో మళ్లీ రెండు కళ్లు, మెరూన్ బొట్టు. కిటికీ ఎండ పడుతోందేమో, అందుకే జరుపుకుంది పాపం అనుకున్నాడు శ్యామసుందర్.

ఆ రోజే జాక్ సార్ వరలక్ష్మిని నిలబెట్టి మందలించారు. ఆమె ఆర్ బ్రహ్మాండంగా పలుకుతుంది. వాడర్ అంటే సార్‌కే దాహం వేస్తుంది. డబ్ల్యూ మాత్రం మొదటి రోజు ఎక్కడుందో అక్కడే ఉంది. "వెరోనికా, అందరికీ వచ్చింది, కొండలుకి కూడా వచ్చింది. నువ్వు అద్దం సూస్తన్నావా, లేదా?" అన్నారు సార్, కోపంలో అమెరికా మరిచిపోయి. శనివారం ఇలాగే పలికితే మొదటి ప్రశ్నకే ఇంటికి పంపేస్తారన్నారు. వరలక్ష్మి తల వంచుకుని, చూస్తున్నానండి, అంది.

శుక్రవారం సాయంత్రం శ్యామసుందర్ దుకాణంలో ఉన్నాడు. నాన్నగారు వీధి వైపు తిరిగి గద్దె మీద కూర్చుని ఎవరితోనో చింతపండు బేరం ఆడుతున్నారు. శ్యామసుందర్ ఆయన వీపు వెనక, బెల్లం బస్తాల మధ్య నిలబడి, జేబులో అద్దం తీసి, పెదవులు చుట్టి గాలి వదులుతున్నాడు. బేరగాడు వెళ్లిపోయాడు. నాన్నగారు వెనక్కి తిరగకుండానే మాట్లాడారు.

"ఏట్రా, పొడంపేట సేపలాగా నోరలా ఎడతన్నావు?"

శ్యామసుందర్ అద్దం జేబులో దాచేశాడు. ఈయనకెలా తెలిసింది? తల ఎత్తాడు. ఎదుటి స్తంభం మీద అద్దంలో నాన్నగారి కళ్లు ఉన్నాయి.

"ఇంకా దాస్తావేటి. సిన్నప్పుడు బెల్లం ముక్క దొంగిలించినప్పుడే సెప్పాను గదరా. అద్దంలో నీకు నా కళ్లు అవుపడితే, నాకు నువ్వు అవుపడినట్టే."

శ్యామసుందర్ అలాగే నిలబడిపోయాడు.

అద్దంలో ఆమె కళ్లు తనకు కనబడ్డాయి. రోజూ కనబడ్డాయి. బెంచీ మారినా కనబడ్డాయి. ఒక్కనాడైనా ఆ అద్దంలో ఆమె పెదవులు కనబడలేదు. పెదవులు చూసుకోవలసిన అద్దంలో పెదవులు లేకపోతే డబ్ల్యూ ఎలా వస్తుంది?

"నాన్నా," అన్నాడు. "నేను బీయస్సీ ఫిజిక్సు ఎందుకు సదివినట్టు?"

"అది నేనడగాల్సిన మాట," అన్నారు వెంకటరమణమూర్తి గారు.

శనివారం పొద్దున్న ఇన్‌స్టిట్యూట్ వరండాలో అందరూ పేరు పిలిచేదాకా వల్లె వేసుకుంటున్నారు. వరలక్ష్మి ఒక మూల బల్ల ముందు ఎర్ర అద్దం నిలబెట్టుకుని కూర్చుంది. శ్యామసుందర్ తిన్నగా వెళ్లి ఎదురుగా నిలబడ్డాడు. ఈసారి గొంతు తగ్గించాడు.

"ఈ ఒక్కరోజుకీ అద్దంలో నన్ను సూడకండి. మీ మూతి మీరు సూసుకోండి. డబ్ల్యూ వచ్చేస్తది."

వరలక్ష్మి ముఖం అద్దం చట్రం రంగుకు తిరిగింది. కాసేపు ఓణీ అంచు మడతలు లెక్కపెట్టింది.

"ఎప్పుడు తెలిసింది?"

"నిన్న సాయంత్రం."

"నిన్ననా? బీయస్సీ అన్నారు గదా. అందులో అద్దాల పాఠం ఉండదేటి?"

ఉంటుందని ఒప్పుకున్నాడు. మరి ఆ రోజు మెట్ల మీద కస్టమర్ కోసం అన్నారేమని అడిగాడు. వాన జల్లు కొట్టకుండా అప్పడాల మీద పట్టా కప్పుతూ ఎదురుగా నాన్న ఉన్నారనీ, అతను అడిగిన గొంతు గేటుబజారు దాకా వినబడి ఉంటుందనీ వరలక్ష్మి చెప్పింది. ఇంటికెళ్లి ఏడ్చిన సంగతి చెప్పలేదు. అది ఆమె కళ్లే చెప్పాయి. ఇప్పుడవి అద్దం లేకుండానే కనబడుతున్నాయి.

"డబ్ల్యూ వస్తే నేను భువనేశ్వర్ ఎల్లిపోతాను," అంది నెమ్మదిగా. "తెలిసే సెప్తన్నారా?"

"తెలిసే."

అద్దాన్ని తన వైపు తిప్పుకుంది. పెదవులు సున్నాలా చుట్టింది. అతను తన చోటికి వెళ్లి కూర్చుని చూశాడు. ఎర్ర అద్దంలో మొదటిసారి ఆమె కళ్లు లేవు. ఆ ఖాళీ చూస్తే దిగులు వేసింది. ఇచ్చింది తనే కదా అనుకుంటే గర్వంగానూ ఉంది. రెండిట్లో ఏది ఎక్కువో తెలియక అతను మళ్లీ అయోమయంలో పడ్డాడు.

వరలక్ష్మికి ఉద్యోగం వచ్చింది. కొండలుకీ వచ్చింది. శ్యామసుందర్‌కి రాలేదు. అతని డబ్ల్యూ అమోఘంగా ఉందని మెచ్చుకుని, ఏ ప్రశ్న అడిగినా కిటికీలోంచి బయట వరండాలోకి చూసి నవ్వుతున్నాడని పక్కన పెట్టేశారట.

ఆ తర్వాత అతను ఆదివారం ఆదివారం చింతపండు శాంపిల్ పొట్లం పట్టుకుని భువనేశ్వర్ రైలెక్కడం మొదలుపెట్టాడు. కొన్ని వారాలు వెంకటరమణమూర్తి గారు ఊరుకున్నారు. ఒకనాడు, వెనక్కి తిరగకుండానే, భువనేశ్వర్‌లో మనకి సింతపండు కొనేవోడు ఎవుడున్నాడ్రా అని అడిగారు. జవాబు కోసం ఆగలేదు. చెప్పులు వేసుకుని, రోడ్డు దాటి, అప్పడాల కొట్టుకు వెళ్లారు. ఒక టీ తెప్పించి రెండు గ్లాసుల్లో పోయించారు. ధర్మలింగం గారు సగం గ్లాసు తాగి, ఆ రోజు వానలో మీవాడి అరుపు నేనూ ఇన్నాను బావా, అన్నారు. అప్పటిదాకా ఆయన వెంకటరమణమూర్తి గారిని బావా అని పిలిచి ఎరగరు.

పెళ్లికి జీలకర్రలో కలిపే బెల్లం మగపెళ్లివారి దుకాణంలోదే. పీటల మధ్య అడ్డతెర పట్టుకున్నారు. ముహూర్తం వేళ దాకా ఒకరి ముఖం ఒకరు చూడకూడదు. పురోహితుడు మంత్రాలు చదువుతున్నాడు. బయట వాన తగ్గాలా వద్దా అని ఆలోచిస్తోంది. శ్యామసుందర్ బుద్ధిగా తెర వైపు చూస్తూ కూర్చున్నాడు.

తెర పక్కనుంచి ఎర్రగా ఏదో తొంగిచూసింది. గుండ్రంగా ఉంది. ప్లాస్టిక్ చట్రం. అది కొంచెం వంగింది, సర్దుకుంది, ఆగింది.

అందులో రెండు కళ్లు ఉన్నాయి.

ఇక ఏ అనుమానమూ లేదు. నాన్నగారి శాస్త్రం, ఫిజిక్సు శాస్త్రం రెండూ ఒకే మాట చెబుతున్నాయి. శ్యామసుందర్ పెదవులు సున్నాలా చుట్టి, తెర మీదికి మెల్లగా గాలి వదిలాడు. తెర అల్లల్లాడింది. అవతల మల్లెలు కదిలిన వాసన వచ్చింది. ఆ వెనకే, పురోహితుడి గొంతు చాటున, అతనొక్కడికే వినబడేలా ఒక గుసగుస.

"ఏటండీ, పెళ్లి సేసుకుంటన్నారా, పొయ్యి ఊదుతన్నారా?"