ఒకదాని కోసం ఒకటి ఆగాలా?

ఆఫీసులో అందరూ అతన్ని 'దొరగారు' అనేవారు. ఎదురుపడితే పలకరించడు, నవ్వితే తిరిగి నవ్వడు. కొత్తగా చేరిన అమ్మాయికి ఆ సంగతి మొదటి రోజే తెలిసొచ్చింది. తలుపు దగ్గర ఆమె కాఫీ కప్పుకు భుజం తగిలించి, గోడ వైపు తిరిగి "సారీ" అని వెళ్లిపోబోయాడు మహానుభావుడు.

"కాఫీ పడింది గోడ మీద కాదండీ, నా మీద!"

అతను ఆగాడు. చెవులు ఎర్రబడ్డాయి. "అయితే మీక్కూడా సారీ."

ఒళ్లు మండాల్సింది పోయి ఆమెకు నవ్వొచ్చింది. అక్కడే కొంప మునిగింది.

ఆసుపత్రుల్లో అపాయింట్‌మెంట్లు ఇచ్చే ప్రోగ్రామ్ వాళ్లది. పేషెంటు వివరాలు సర్వర్ నుంచి రావాలి, డాక్టరు ఖాళీ తెలియాలి, టైము ఖాయమయ్యాక మెసేజ్ వెళ్లాలి. ఒక్కోదాని కోసం ఆగుతూ సాగే ఆ పనంతా ఆమె జావాస్క్రిప్ట్‌లో కాల్‌బ్యాకులతో రాసింది. ఒక ఫంక్షన్ కడుపులో ఇంకోటి, దాని కడుపులో మరోటి. అది చూసి సరేననాల్సింది దొరగారు. రోజులు గడిచినా అనడే!

"పనిచేస్తోంది కదా, మీకేంటి కష్టం?" అని నిలదీసింది.

"చదవలేకపోతున్నాను. అవేట్ అనే మాట పెడితే ఒకటి అయ్యాకే రెండోది నడుస్తుంది, అలా వరస లైన్లలో తిరగరాయండి."

"మిగతావాళ్లంతా చదివారు!"

"నేను చదవలేకపోయాను" అన్నాడు, ఆమె ముఖంలోకి చూడకుండానే.

ఇంత పొగరా అనుకుని, నేరుగా మేనేజరు దగ్గరికెళ్లి ఏకరువు పెట్టింది. నాలుగు చివాట్లు పడితే చాలనుకుంది. మేనేజరు మాత్రం తాపీగా, "అతని మీద ఇలాంటివి చాలా ఉన్నాయి. ఈ నెలతో పంపించేస్తాం" అన్నాడు. తను అడిగింది ఇది కాదే అనుకుంటూ బయటికొచ్చింది.

సాయంత్రం వాన. మెట్ల దగ్గర అతను, స్కూటర్ మీద వచ్చిన వాళ్లక్క భుజం పట్టుకుని, పిల్లాడిలా నీటిగుంట దాటుతున్నాడు. అతన్ని గేటు పక్క షెడ్డు కింద నిలబెట్టి, మెట్ల మీద మరిచిన గొడుగు కోసం అక్క వెనక్కి వచ్చింది.

"అతనికేమైందండీ?" అని మెట్ల మీదున్న ఆమె అడిగింది.

"కళ్లమ్మా. మూడడుగుల అవతల మనిషి పొగలా కనబడతాడు. చూపు ఇంకా తగ్గిపోతుందన్నారు డాక్టర్లు." అక్క గొంతు తగ్గించింది. "ఆఫీసులో చెప్పలేదు. తెలిస్తే ఉంచరని భయం. కంప్యూటర్ చదివి వినిపిస్తుంటే పని చేస్తున్నాడు."

చెవితో చదువుతున్న మనిషికి తను వినిపించినవి బ్రాకెట్లు, వాటి మీద బ్రాకెట్లు. ఏది ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో ఎలా తెలుస్తుంది? ఛీ, ఎంత పని చేశాను అనుకుంది. వానలో తడుస్తూనే ఇంటికెళ్లింది.

మర్నాడు పొద్దున్నే కూర్చుని మొత్తం తిరగరాసింది. అడుగుకో లైను, పైనుంచి కిందికి. ఎక్కడ తప్పినా చివర ఒక్కచోటే పట్టుకునేలా. అతని పక్కన కుర్చీ లాక్కుని, ఇయర్‌ఫోన్ ఒకటి అతని చెవిలో, రెండోది తన చెవిలో పెట్టుకుంది. పాటలు వినాల్సిన వయసులో ఇద్దరూ సెమీకోలన్లు విన్నారు.

"మీకు తెలిసిపోయింది" అన్నాడతను మెల్లగా.

"ముందు వినండి."

విన్నాడు. కాసేపటికి చెయ్యెత్తాడు. "ఇక్కడ ఆపండి. పేషెంటు వివరాలు వచ్చాకే డాక్టరు ఖాళీ అడుగుతున్నారు. ఎందుకు? ఈ రెంటికీ సంబంధం లేదుగా. రెండూ ఒకేసారి మొదలుపెట్టండి. లేకపోతే పాపం, కౌంటర్ దగ్గర రోగి ఊరికే నిలబడాలి."

అంతమంది కళ్లుపెట్టి చూసినా దొరకనిది!

ఈ నెలతో పంపించేస్తారట, మీరే నిజం చెప్పండి అంటూ ఆమె అతన్ని మేనేజరు గదికి తీసుకెళ్లింది. కళ్ల సంగతి అతనే చెప్పాడు. మేనేజరు చాలాసేపు పెన్ను తిప్పాడు. "మూడు నెలలు చూద్దాం" అన్నాడు.

సాయంత్రం మళ్లీ అదే మెట్లు, అదే వాన.

"నా మీద జాలి పడకండి" అన్నాడు.

"నా మీద కాఫీ పోసినవాడి మీద జాలేంటి? ఇష్టం. కాఫీ పోసిన రోజే మొదలైంది నా ఖర్మ."

అతను ఆమె వైపు తిరిగాడు. "నాకూ నువ్వంటే ఇష్టమే. కానీ ఉద్యోగం నిలబడనీ. కళ్ల సంగతి తేలనీ. ఆ తర్వాత..."

"పొద్దున నాకు చెప్పిందేంటి? సంబంధం లేనివాటిని ఒకదాని వెనక ఒకటి నిలబెట్టొద్దని కాదూ! నీ కళ్లకీ, మనిద్దరికీ ఏంటి సంబంధం?"

"నిజానికి తేలేదేమీ లేదు. పూర్తిగా పోతాయి. నీ ముఖం కూడా కనబడదు."

"అందుకే ఆగనంటున్నాను. ఇప్పుడు కనిపిస్తున్నానా?"

"ఇంకొంచెం దగ్గరికి రా."

వచ్చింది. అతను రెప్ప వేయకుండా చూశాడు, పరీక్ష ముందు పాఠం చదివేవాడిలా. ఆమె ఏడుస్తోందని మాత్రం బుగ్గ మీద వేలు తగిలాకే తెలిసింది.

గేటు దగ్గర అక్క హారన్ కొట్టింది. ఒకసారి, మళ్లీ ఒకసారి.

"వెళ్లు, అక్క తడుస్తోంది" అంది ఆమె.

అతను కదల్లేదు. "అక్క ఆగుతుందిలే. కాస్త నవ్వు, అదింకా చూడలేదు."