కువహర గారి ఆల్బమ్‌లో మొదటి కార్డు

కువహర గారింటి కాలింగ్ బెల్ నొక్కబోయిన రెండు చేతులు ఒకదానికొకటి తగిలి ఉలిక్కిపడి వెనక్కి వెళ్లాయి.

ఒకటి సోహెయ్‌ది, రెండోది చిటోసెది. ఒసాకాలో ఆటగాళ్ల బొమ్మలున్న పాత కార్డులు కొని అమ్మే రెండు వేర్వేరు షాపుల్లో పని వాళ్లది. నిప్పొంబాషి పేటలో ఆ షాపుల మధ్య ఒక్క వీధే అడ్డం. ఒకరి పేరు ఒకరు వినడమే గాని ఎదురుపడడం ఇదే మొదలు.

"కువహర గారు నన్ను రమ్మన్నారు," అన్నాడు సోహెయ్.

"నన్నూ రమ్మన్నారు," అంది చిటోసె, ఆ మాట తనకి కాగితం మీద రాసిచ్చినంత ధీమాగా.

తలుపు తెరిచిన ఫుసాయె కువహర గారు ఇద్దర్నీ ఎగాదిగా చూసింది. అరవై దాటిన మనిషి. నడుముకి ఏప్రన్, చేతిలో గరిటె.

"ఇద్దర్నీ నేనే పిలిచాను. ఒక్కళ్ల మాటే వింటే మోసపోయానేమోనని నిద్ర పట్టదు. ఇద్దరి మాటా వింటే కనీసం కాలక్షేపమైనా అవుతుంది. రండి, టీ చల్లారిపోతోంది."

ఆమె భర్త కిందటి చలికాలంలో కన్నుమూశాడు. ఆయన వదిలి వెళ్లింది మేడ మీద గది నిండా ఆల్బమ్‌లు. చిన్నప్పటి నుంచి కారమెల్ మిఠాయి పాకెట్లలో వచ్చిన బేస్‌బాల్ ఆటగాళ్ల కార్డులు. వాటిని బాగా చూసుకునేవాళ్ల చేతిలో పెట్టమని ఆయన చివర్లో అడిగాడట.

అలా ఆ ఇంట్లో వాళ్ల ఆదివారాలు మొదలయ్యాయి.

సోహెయ్ కార్డు చేతిలోకి తీసుకోగానే దాని భవిష్యత్తు చెప్పేవాడు. చిన్నప్పుడు దొరకనిది నలభై ఏళ్లొచ్చాక ఎంత ఖర్చయినా వెతుక్కుంటారని, కార్డు విలువంటే ఒక తరం బాల్యానికున్న విలువేనని అతని సిద్ధాంతం. చిటోసె వెంటనే మాట్లాడేది కాదు. భూతద్దం కంటికి ఆనించుకుని కార్డుని అటూ ఇటూ తిప్పి చూసేది. తర్వాత కొనేవాడు నమ్మగలిగినంత కాలమే ఏ విలువైనా నిలుస్తుందని ఆమె అనేది. ఆ నమ్మకం పోయిన రోజున బాల్యం మిగులుతుందేమో గాని కార్డు మాత్రం అట్టముక్కే.

"మీరు పుట్టినప్పుడు మీ అమ్మగారిని కూడా రుజువు చూపించమన్నారా?" అని అడిగాడు ఒకసారి సోహెయ్.

"మీలాంటి వాళ్లు ఉండబట్టే దొంగకార్డులు అచ్చేసేవాళ్లు కార్లలో తిరుగుతున్నారు," అంది చిటోసె తలెత్తకుండానే.

ఫుసాయె గారు నవ్వు దాచుకోవడానికి వంటింట్లోకి వెళ్లింది.

మొదటి ఆల్బమ్ మొదటి పేజీలో ఒకే ఒక కార్డు ఉంది. నిషివాకి అనే పిచర్‌ది, అంటే బంతి విసిరే ఆటగాడిది. సీజన్ మధ్యలో మోచెయ్యి దెబ్బతిని అతను ఆట మానేస్తే, కంపెనీ ఆ కార్డు అచ్చువేయడం ఆపేసింది. బయటికొచ్చినవి కొద్దే. ఇన్నేళ్లలో సోహెయ్ దాన్ని ఫొటోల్లోనే చూశాడు. ఇప్పుడు అది నిజంగా ఎదురుగా ఉంటే చేతులు చొక్కాకి తుడుచుకున్నాకే ముట్టుకున్నాడు.

చిటోసె చాలాసేపు చూసి, "ఇది సరైంది కాదు," అంది.

కాగితం ఆ కాలందే, అచ్చులోని రంగు చుక్కలూ ఆ కాలానివే అన్నాడు సోహెయ్. మరి ఒక పక్క వెడల్పెందుకు తగ్గింది, అంచులు మిషన్ కోసినట్టు ఎందుకు లేవు అంది చిటోసె. ఆ ఆదివారమూ తేలలేదు, తర్వాతి ఆదివారమూ తేలలేదు. ఇంతలో సోహెయ్ షాపు యజమానికి ఆ కార్డు కోసమే తిరుగుతున్న కొనుగోలుదారు దొరికాడు. అతను పెట్టిన షరతు ఒకటే. చిటోసె కూడా సరేననాలి. తేలిగ్గా ఏదీ ఒప్పుకోదని ఆమెకి ఊరంతా పేరుంది మరి.

"అననండి," అంది చిటోసె.

"మీకు భయం. ఒప్పుకుంటే తప్పవుతుందేమోనని దేన్నీ ఒప్పుకోరు. అలా అయితే ఈ జన్మలో ఏదీ మీది కాదు."

అనేశాక తెలిసింది సోహెయ్‌కి, తను మాట్లాడింది కార్డు గురించి మాత్రమే కాదని. చిటోసె భూతద్దాన్ని గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుంది. ఫుసాయె గారికి వంగి నమస్కరించి వెళ్లిపోయింది. ఆ పై ఆదివారం రాలేదు.

ఆమె లేని గదిలో సోహెయ్ ఆల్బమ్‌లు తిప్పుతూ కూర్చున్నాడు. ఏ కార్డు చూసి ఏం చెప్పినా కాదనే మనిషి లేదు. తన మాటలు తనకే చప్పగా వినిపించాయి.

"ఆ కార్డు తీసుకెళ్లు అబ్బాయ్," అంది ఫుసాయె గారు. "ఎవరి భూతద్దంతో వాళ్లు చూస్తే ఏం తేలుతుంది? ఇద్దరూ ఒక్కదాంతో చూడండి."

బయట జోరుగా వాన. గొడుగు పట్టుకున్నా సోహెయ్ తడిసి ముద్దై చిటోసె షాపు ముందు నిలబడ్డాడు. లోపలికి రమ్మనకుండానే ఆమె మొదట అడిగింది కార్డు తడిసిందా అని. చొక్కా లోపల ప్లాస్టిక్ కవరు, దాని మీద ఇంకో కవరు, ఆపైన చేతిరుమాలు. విప్పేసరికి ఆమె పెదవుల మీద కోపం సగం కరిగింది.

"తుడుచుకోండి ముందు," అని తువ్వాలు విసిరింది. "వానలో కార్డు తెచ్చేవాణ్ణి నా సర్వీసులో చూడలేదు."

"ఆరోజు అన్న మాటకి సారీ చెబుదామని వచ్చాను. కార్డు సాకు."

ఆమె కార్డుని బల్ల మీద పెట్టింది. దీపం దగ్గరికి లాగి భూతద్దం పెట్టింది. పక్కనే అతనూ వంగాడు. తలలు ఢీకొన్నాయి. ఇద్దరూ నుదుళ్లు రుద్దుకుని మళ్లీ వంగారు.

"కాగితం విషయంలో మీరన్నదే నిజం," అంది చిటోసె మెల్లగా. "రంగులు కూడా. ఇన్నాళ్లూ నేను అంచులే చూస్తూ ఉండిపోయాను."

"నేను అంచులు చూడనేలేదు," అన్నాడు సోహెయ్. అప్పుడే అతనికి కనిపించింది. "ఈ పక్కన చూడండి. ఎర్ర గీత."

వెంట్రుకంత గీత. ఈ కార్డులో ఎక్కడా లేని ఎరుపు. పక్క ఆటగాడి కార్డుది. ఇద్దరూ ఒకేసారి తలెత్తారు. కార్డులు విడివిడిగా కోయకముందు ఒకే పెద్ద షీటు మీద వరసగా ఉంటాయి. ఇది అసలు పాకెట్లోకి చేరనే లేదు. ఎవరో ఆ షీటులోంచి చేత్తో కోసి తీశారు.

మర్నాడు ఇద్దరూ కలిసి వెళ్లి అడిగితే ఫుసాయె గారు టీ కప్పు కింద పెట్టి హాయిగా నవ్వింది.

"నేనే కోశాను. ఆ కార్డు కోసం కారమెల్‌లు తిని తిని ఆయన పళ్లు పాడుచేసుకున్నాడు. నేనప్పుడు ఆ కార్డులు అచ్చేసే ప్రెస్సులో పనిచేసేదాన్ని. నిషివాకిది ఆపేశాక మిగిలిన షీట్లు చెత్తకి పోతుంటే, మేస్త్రీని అడిగి ఒకటి తెచ్చుకున్నా. ఇంట్లో బట్టలు కత్తిరించే కత్తెరతో కోశా."

"ఆయనకి తెలుసా?" అడిగింది చిటోసె.

"చేతిలో పెడుతూనే చెప్పా. పాకెట్లోది కాదు, నేను కోసింది, వంకరగా వచ్చింది అని. ఆయన చాలాసేపు చూసి ఇది మాత్రం ఎవరితోనూ మార్చుకోనన్నాడు. ఆ వారమే మా నాన్నగారి దగ్గరికొచ్చి నన్నిచ్చి పెళ్లి చేయమని అడిగాడు."

"మరి మాకెందుకు చెప్పలేదు పెద్దమ్మగారూ?" అన్నాడు సోహెయ్.

"మీరు నన్ను అడిగారా ఏమన్నా? భూతద్దాన్ని అడిగారు." ఆమె ఆల్బమ్ మీద చెయ్యి వేసింది. "ఆయన పోయాక ఈ పేజీ తెరవలేకపోయాను. అందుకే ఇదీ అమ్మేద్దామనుకున్నా. మీరిద్దరూ దీని మీద కొట్టుకుంటూ ఉంటే వారం వారం చూశాను. చూడగా చూడగా ఈ పేజీ తెరవడం అలవాటైంది. ఇది ఉండనివ్వండి. మిగతావి మీరిద్దరూ పంచుకుని తీసుకెళ్లండి."

సోహెయ్ వరండాలోకి వెళ్లి మొదట కొనేవాడికి, తర్వాత యజమానికి ఫోన్ చేశాడు. అద్దం తలుపు వెనక నుంచి చిటోసె చూస్తూ ఉంది. ఎదుట ఎవరూ లేకపోయినా ఫోన్‌కే వంగి వంగి క్షమాపణ చెబుతున్నాడు. ఫోన్ పెట్టేసి వచ్చేసరికి చెవులు ఎర్రబడ్డాయి.

కార్డు అమ్మకానికి లేదని, ఉన్నా అది పాకెట్లోంచి వచ్చింది కాదని కొనేవాడికి చెప్పాడట. అతను మర్యాదగానే విన్నాడు గాని, యజమాని మాత్రం సోహెయ్‌ని దులిపేశాడట.

"అమ్మట్లేదని చెబితే సరిపోయేది కదా," అంది చిటోసె. "మిగతాది ఎందుకు చెప్పారు?"

"చెప్పకపోతే రేపు ఆయన వేరే చోట ఇలాంటిదే చూసి, అసలుదని నేనన్న మాట నమ్మి కొంటాడు. మీరు పక్కన ఉంటే ఆ ఆలోచన దానంతట అదే వస్తోంది."

సాయంత్రం ఇద్దరూ ట్రామ్ స్టాపులో నిలబడ్డారు. వాన వెలిసింది గాని తీగల నుంచి చినుకులు జారుతున్నాయి. పని అయిపోయింది. ఇక ఆదివారం అటు రావలసిన అవసరం ఇద్దరికీ లేదు. ట్రామ్ దూరంగా మలుపు తిరిగింది.

"చిటోసె గారూ, మీరంటే నాకు ఇష్టం," అన్నాడు సోహెయ్ దాని దీపం వైపే చూస్తూ. "ఆదివారాలు అయిపోయాయంటే దిగులుగా ఉంది."

ఆమె సంచి పట్టీ సర్దుకుంటూ ఉండిపోయింది. అతను తొందరపెట్టలేదు. ఇన్ని వారాల్లో ఆ మాత్రం నేర్చుకున్నాడు.

"నేను త్వరగా నమ్మే మనిషిని కాదు."

"తెలుసు. ఎదురుచూస్తాను."

"ఎన్నాళ్లని అడగవా?"

సోహెయ్ గబుక్కున ఆమె వైపు తిరిగాడు. ఇన్నాళ్ల 'మీరు' ఎక్కడికి పోయిందో వెతుకుతున్నట్టు ఆమె ముఖంలోకి చూశాడు. చిటోసె బుగ్గలు కందిపోయాయి గాని, అన్న మాట వెనక్కి తీసుకోలేదు.

ట్రామ్ వచ్చి ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి. డ్రైవరు ఇద్దర్నీ చూసి కాసేపు ఆగి, తలుపులు మూసుకుని వెళ్లిపోయాడు.

"అడగను," అన్నాడు సోహెయ్. "నడుద్దామా?"

చిటోసె సంచి భుజం మార్చుకుని, అతనికి దగ్గరగా ఉన్న చెయ్యి ఖాళీ చేసుకుంది.