ఒంటి బాస్కెట్ జట్టు

టెక్కలిలోని ఆ ప్రైవేటు డిగ్రీ కాలేజీ నోటీసు బోర్డు మీద సోమవారం పొద్దున్నే ప్రియ సుద్దముక్కతో రాసింది: "బాస్కెట్‌బాల్. మొదటి మ్యాచ్. మన కాలేజీ 19, నరసన్నపేట 63. ఓడాం."

చేతులు దులుపుకుని వెనక్కి తిరిగేసరికి జట్టు కెప్టెన్ క్రాంతికుమార్ నిలబడి ఉన్నాడు. ఆరడుగుల మనిషి. ముఖం మాత్రం హాల్‌టికెట్ పోగొట్టుకున్నవాడి ముఖంలా ఉంది.

"ఏటిది? ఓడాం అని ఇంత పెద్ద అచ్చరాలా?"

"అన్నీ ఒకే సైజులో రాసినాను."

"పోరాడి ఓడాం అని రాయొచ్చు కదా?"

"నేను స్కోరర్ని. రెండు గంటలూ టేబుల్ కాడే కూర్సున్నాను. పోరాటం నాకు కనపళ్లేదు."

క్రాంతి నోరు తెరిచాడు. లోపల ఏమీ దొరక్క మళ్లీ మూసేశాడు. వాళ్లిద్దరి పరిచయం అలా మొదలైంది.

జట్టును కూడా ఊరికే అనకూడదు. కాలేజీ కోర్టుకి ఒకప్పుడు రెండు బాస్కెట్లుండేవి. పడమటి వైపుదాన్ని తుఫాను స్తంభంతో సహా పట్టుకుపోయింది. కొత్తదానికి దరఖాస్తు పెట్టి నాలుగేళ్లయింది. అంచేత ప్రాక్టీసంతా తూర్పు బాస్కెట్‌కే. బంతి అందితే చాలు, మనవాళ్ల కాళ్లు వాటంతటవే ఆ వైపుకి పరిగెడతాయి. కానీ మ్యాచ్‌లో సగం ఆట అయ్యాక జట్లు వైపులు మారాలి. మన జట్టు మారేది. కాళ్లు మారేవి కావు.

రెండో మ్యాచ్‌లో మన ఆటగాడు పోలారావు సొంత బాస్కెట్‌లోనే బంతి వేసి, రెండు చేతులూ ఎత్తి జనానికి దండం పెట్టాడు. రూలు ప్రకారం ఆ రెండు పాయింట్లూ అవతలివాళ్లకి పోయాయి. ఆ సాయంత్రం ఆ పోలారావే ప్రియ దగ్గరకొచ్చి గుట్టు విప్పాడు.

"మా కెప్టెన్ ఒట్టేసుకున్నాడు. ఒక్క మ్యాచ్ గెలిత్తే నీకో మాట సెప్తాడంట."

"ఏ మాట?"

"అది నాను సెప్పకూడదు. నువ్వంటే ఇట్టమని."

"గెలవకపోతే?"

"ఓడిపోయినోడు ఏ ముఖం పెట్టుకుని అడుగుతాడు అంటన్నాడు."

ఆ రోజు నుంచి ప్రియకి బాస్కెట్‌బాల్ మీద భక్తి పుట్టింది. క్రాంతి అంటే తనకీ ఇష్టమే. ఎప్పటినుంచి అంటే తనకే తెలీదు గాని, నోటీసు బోర్డు దగ్గర అతను మాట దొరక్క నోరు మూసుకున్నప్పటి నుంచే అయి ఉండాలి.

ఆదివారం బాప్టిస్టు చర్చిలో పాస్టరుగారు ప్రార్థన మనవులు అడిగారు. ఒకావిడ మోకాళ్ల నొప్పులకి, ఒకాయన కొడుకు డీఎస్సీకి మనవి చేశారు. ప్రియ లేచి, "మా కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టు కోసం" అంది. సంఘమంతా కళ్లు మూసుకుని గట్టిగా ప్రార్థించింది. శనివారం జట్టు ముప్పై ఒక్క పాయింట్ల తేడాతో ఓడింది. మరుసటి వారం ఇద్దరు పెద్దలు ఉపవాసం కూడా ఉన్నారు. తేడా ఇరవై రెండుకి దిగింది. ఐదో మ్యాచ్‌లో తొమ్మిది.

ప్రియ తల్లి జ్ఞానసుందరి టీచరు. ఇరవై ఏళ్లుగా పిల్లల ముఖాలు చదువుతున్న మనిషి.

"ఆ జట్టులో ఎవరే?" అంది, కూర తరుగుతూ.

"కెప్టెన్."

"భీమిలి సంబంధమోళ్లు వచ్చే వారం వత్తామంటన్నారు. ఆ అబ్బాయి నీతో ఏటైనా అన్నాడా?"

"గెలిస్తే అంటాడంట."

"ఇప్పటికి ఎన్ని గెలిసారు?"

"ఇంకో మ్యాచ్ ఉందమ్మా."

జ్ఞానసుందరి కత్తిపీట పక్కన పెట్టింది. "అనని మనిషిని సూపించి, వచ్చేవోళ్లని నేనెలా ఆపనే? శనివారం దాకా సూత్తాను. ఆ తర్వాత రమ్మంటాను."

ఆఖరి మ్యాచ్ పలాసలో. సన్నగా తుంపర పడుతోంది, గాలి నిండా జీడిపిక్కలు కాల్చిన వాసన. అసలు స్కోరు షీటు ప్రియ చేతిలో ఉంది. జనానికి కనబడే బోర్డు మీద అట్టలు తిప్పే పని మన ఆటల మాస్టారు సూర్యం సారు అడిగి మరీ తీసుకున్నారు.

సగం ఆట అయ్యి వైపులు మారగానే పోలారావు మళ్లీ సొంత బాస్కెట్‌లో వేశాడు. గ్రౌండంతా పగలబడి నవ్వింది. రెఫరీ కూడా విజిల్ అడ్డం పెట్టుకుని నవ్వాడు. సూర్యం సారు పొట్ట పట్టుకుని నవ్వీ నవ్వీ అట్ట తిప్పడం మరిచిపోయారు. ప్రియ కూడా నవ్వింది. నవ్వుతూనే షీటులో పలాసకి రెండు వేసింది.

ఆ తర్వాత ఏమైందో గాని మనవాళ్ల కాళ్లు దారిలో పడ్డాయి. క్రాంతి వరసగా నాలుగు బాస్కెట్లు వేశాడు. ఆఖరి విజిల్ మోగేసరికి బోర్డు మీద మనకి నలభై, పలాసకి ముప్పై తొమ్మిది.

పోలారావు నేల మీద పడి ఏడ్చాడు. క్రాంతిని భుజాల మీదికి ఎత్తారు. అతను దిగి, తడిసిన జుట్టుతో తిన్నగా టేబుల్ దగ్గరకొచ్చాడు.

"ప్రియా, నీకో మాట సెప్పాల."

ప్రియ షీటు కూడుతోంది. పలాసకి నలభై ఒకటి వచ్చింది. మళ్లీ కూడింది. మూడోసారి, ఎక్కడైనా తప్పు దొరికితే బాగుండునని కూడింది. నలభై ఒకటే. ఆ రెండూ కొట్టేస్తే అడిగేవాడు లేడు. అవతలి జట్టు సంచులు సర్దుకుంటోంది. ఇన్నాళ్లూ ఏ మాట కోసం ఎదురుచూసిందో ఆ మాట ఎదురుగా నిలబడి ఉంది. ఆమెకి ఏడుపొచ్చింది.

"ఆగు," అంది క్రాంతితో. లేచి రెఫరీని పిలిచింది. "సార్, బోర్డు తప్పు. పోలారావు వేసింది వాళ్లకి కలపలేదు."

రెఫరీ షీటు చూసి సంతకం పెట్టాడు. సూర్యం సారు అట్టలు తిప్పారు. పోలారావు ఏడుపు ఆపి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు.

పలాస బస్టాండులో ప్రియ పక్కన ఎవరూ కూర్చోలేదు. చాలాసేపటికి క్రాంతి వచ్చి, బల్లకి ఆ చివర బంతి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఆ రెండు పాయింట్లూ నాకూ గుర్తున్నాయి," అన్నాడు. "నువ్వు సెప్పకపోతే నాను సెప్పేవోడినో కాదో తెలీదు. సిగ్గుగా ఉంది."

"కోపం రాలేదా?"

"లేదు. ఇంకా ఎక్కువైపోనాది."

"ఏటి?"

"అది సెప్పకూడదు. ఓడిపోయినాం కదా."

ప్రియ అతని వైపు తిరిగి కూర్చుంది. "ఓడినోళ్లు సెప్పకూడదని రూలు నువ్వు పెట్టుకున్నావు. నేను ఆడినానా?"

"లేదు."

"ఓడినానా?"

"లేదు."

"అయితే ఇను. నువ్వంటే నాకు ఇష్టం."

బంతి అతని ఒళ్లోంచి జారి బస్సుల మధ్యకి దొర్లిపోయింది. అతను అటు చూడలేదు.

"ఈ మాటేదో రెండో మ్యాచ్ కాడే సెప్పుంటే, మిగతావన్నీ హాయిగా ఓడిపోదుం కదా."

ప్రియ నవ్వుతూ, కళ్లు తుడుచుకుంటూ ఇంటికి ఫోన్ చేసింది.

"గెలిసారా?" అంది జ్ఞానసుందరి.

"లేదమ్మా. ఒక్క పాయింటుతో పోయింది. భీమిలోళ్లకి రావొద్దని సెప్పు."

"ఓడిపోతే ఆ అబ్బాయి సెప్పడన్నావు?"

"సెప్పలేదు. నేనే సెప్పేసినాను."

అవతల గిన్నె మీద మూత తీసిన చప్పుడైంది.

"అతను ఏటైనా తిన్నాడా?" అంది జ్ఞానసుందరి.